కారణం కూడా చెప్పండి

లక్ష్మీనరసింహారావుగారి ఆఫీసు గదిలో అద్దాల బీరువా ఒకటుంది. అందులో నలభై పైచిలుకు ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. వ్యాపారం ఎలా చెయ్యాలో, నిలబడ్డ కంపెనీలు ఎందుకు కూలతాయో, ధరలు ఎందుకు పెరుగుతాయో, రేపు యంత్రాలు ఏం చేస్తాయో అన్నీ వాటిలో ఉన్నాయి. అన్నీ ఆయన విమానాశ్రయాల్లో కొన్నవే. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఆ పని సుసన్న చేస్తుంది.

సుసన్న బీకాం చదివింది. ఆ చదువుకి తగ్గ ఉద్యోగం కోసం కొన్నాళ్ళు చూసి, చూసి, రావుగారి మామిడికాయల షెడ్డులో గ్రేడింగ్ బల్ల దగ్గర చేరింది. సీజన్లో పదిమంది ఆడవాళ్ళు ఆ బల్లకి అటూ ఇటూ నిలబడి, తోటల నుంచి వచ్చిన బంగినపల్లి కాయని చేత్తో తిప్పి చూసి, ఏ ట్రేలో పడాలో ఆ ట్రేలో వేస్తారు. ఆ పదిమందిలో సుసన్నే మేస్త్రీ. ఏరుతూ ఏరుతూ ఆమె రాత్రి చదివిన పుస్తకం చెబుతుంది. మిగతావాళ్ళు దాన్ని చీల్చి చెండాడతారు. రావుగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని వింటారు. విన్నది విజయవాడ మీటింగుల్లో తాను చదివినట్టే చెబుతారని అందరికీ తెలుసు. పోనీలే, ఎవరి సొమ్ము పోయింది అనుకునేవాళ్ళు.

ఆ గురువారం పదకొండింటికి టీ వచ్చింది. కాయల సొన అంటిన వేళ్ళు అంత తేలిగ్గా శుభ్రపడవు కాబట్టి ఆడవాళ్ళు గ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించి తాగుతున్నారు.

"ఇవాళ్టిది ఒక పెద్ద కంపెనీ ఓనరు రాసుకున్నది," అంది సుసన్న. "పనివాళ్ళని కుటుంబంలాగా చూసుకుంటే లాభాలు వాటంతట అవే వస్తాయంటున్నాడు."

"కుటుంబంలాగా వద్దని చెప్పమ్మాయ్ ఆయనకి," అంది మగ్దలేనమ్మ. బల్ల దగ్గర వయసులో అందరికన్నా పెద్దది ఆవిడ. ఇరవై రెండు సీజన్లు చూసిన చెయ్యి. "మా ఆయన నన్ను ముప్ఫయ్యేళ్ళు కుటుంబంలాగే చూశాడు. ఇంక చాలు."

బల్లంతా ఘొల్లుమంది. రావుగారికి పొలమారింది.

"ఇంకో మాట కూడా అన్నాడు. త్వరగా ఓడిపోండి, త్వరగా నేర్చుకోండి అని. ఓడిపోయినా పర్లేదు గానీ ఆలస్యం చెయ్యకూడదంట."

"ఆయన జన్మలో మామిడి మొక్క నాటి ఉండడు," అంది షీబా. ఆమె బల్లకి ఆ చివర నిలబడుతుంది, నోరు మాత్రం ఈ చివరిదాకా వస్తుంది. "అంటు నాటి ఐదేళ్ళు నీళ్ళు పోస్తేనే కదక్కా, గెలిచామో ఓడామో తెలిసేది!"

"ఈలోపు తోట కౌలుకిచ్చేస్తే సరి. ఓడినా ఆ ఓటమి కౌలుదారుడిది," అన్నారు రావుగారు. దానికీ నవ్వారు. యజమాని వేసిన జోకు కదా.

టీ అయ్యాక చేతులు మళ్ళీ కాయల మీదికి పోయాయి. ఏ ట్రేలో వేస్తున్నారో నోటితో అంటూ వెయ్యడం ఈ షెడ్డులో మొదటినుంచీ ఉన్న అలవాటు. ఒకటి, రెండు, జ్యూస్ అని. దాని వెంట కారణం చెప్పడం మాత్రం పోయిన ఏడాది వచ్చింది.

"రెండు. భుజం నిండలేదు."

"జ్యూస్. ఈగ పొడిచింది."

"రెండు. సొన మచ్చ."

"ఇదిగో, మొహమాటం," అంది మగ్దలేనమ్మ ఒక కాయని పక్కన పెడుతూ. ఆ పేరు ఆవిడ పెట్టిందే. చూడ్డానికి ఆ కాయకి ఏ వంకా ఉండదు. రంగు, భుజాలు, బరువు అన్నీ సరిగానే ఉంటాయి. ముచ్చిక దగ్గర బొటనవేలు ఆనిస్తే మాత్రం లోపల ఏదో దాస్తున్నట్టుంటుంది. పండాక కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా తేలుతుంది. మంచిదని పంపలేం, చెడ్డదని పారెయ్యలేం. చుట్టానికి లేదని చెప్పలేక తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలాంటి కాయ అంటుంది ఆవిడ.

వీళ్ళ నెత్తి మీద, రేకుల కింద ఇనప కడ్డీకి రెండు కెమెరాలు బిగించి ఉన్నాయి. రావుగారి మేనల్లుడు నాగార్జున పెట్టాడు. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివి వచ్చిన కుర్రాడు. "అక్కా, మీ కబుర్లు జనం వినాలి, ఛానెల్ పెడదాం," అని పోయిన ఏడాది ఒక కెమెరా తెచ్చాడు. మొదటివారం ఆడవాళ్ళు పెళ్ళికి కట్టుకునే చీరలు కట్టుకొచ్చారు. ఎనిమిది వీడియోలు వచ్చాయి. వాటిని చూసినప్పుడు సుసన్నకి ఒకటే బాధ కలిగింది. మాటలు వినిపిస్తున్నాయి, నవ్వు వినిపిస్తోంది, చేతులు మాత్రం ఊరికే కాయలు విసురుతున్నట్టున్నాయి. రెప్పపాటులో ఆ చేతులు ఎంత ఆలోచిస్తాయో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? మర్నాడు బల్ల దగ్గర, "కాయ వేసేటప్పుడు కారణం కూడా గట్టిగా చెప్పమన్నారు సారు," అంది. సారు అనలేదు. తను చెబితే ఆటపట్టిస్తారని ఆయన పేరు వాడుకుంది. చిన్న అబద్ధం. సాయంత్రానికే మరిచిపోయింది.

నాగార్జున మాత్రం ఆ రోజు వచ్చి కాసేపు విని, "సూపర్ అక్కా, ఇలాగే కంటిన్యూ అవ్వండి," అన్నాడు. వారంలో ఒక కెమెరా పోయి రెండు పెద్దవి వచ్చాయి. ఆ తర్వాత వీడియోలు ఆగిపోయాయి. అడిగితే ఎడిటింగ్‌లో ఉన్నాయన్నాడు.

శుక్రవారం చెప్పిన పుస్తకం యంత్రాల గురించి.

"యంత్రానికి సొంత తెలివి ఉండదంట. మనిషి చేసే పనిని లక్షసార్లు చూపిస్తే తనూ అలాగే చేస్తుందంట," అంది సుసన్న.

"చూస్తే వచ్చేస్తుందా?" అంది షీబా. "నేను వంట చేస్తుంటే మా అత్త పదేళ్ళు పక్కనే నిలబడి చూసింది. ఏం నేర్చుకుంది? వంకలు పెట్టడం."

నవ్వులు సద్దుమణిగాక మగ్దలేనమ్మ అడిగింది. "అది సరే అమ్మాయ్, ఆ లక్షసార్లు చేసి చూపించిన మనిషి తర్వాత ఏమయ్యాడు?"

సుసన్న ఆలోచించింది. మూడు వందల పేజీలు చదివింది. ఎక్కడా ఆ సంగతి లేదు.

"రాయలేదు పిన్నీ. ఆ మనిషి పుస్తకంలో లేడు."

"మరి రాసినాయన ఎవరి గురించి రాశాడంటా? యంత్రం వాళ్ళ అమ్మానాన్నల గురించా?"

మళ్ళీ నవ్వు. రావుగారు మాత్రం నవ్వలేదు, ఫోన్ చూసుకుంటూ లేచి వెళ్ళిపోయారు. ఎండకి బీపీ పెరిగిందేమో అనుకుంది సుసన్న. పాపం అని కూడా అనుకుంది.

శనివారం మధ్యాహ్నం లారీ వచ్చింది. నీలం పట్టా కప్పిన పొడవాటి సామాను దింపడానికి రెండు గంటలు పట్టింది. "బరువు పని అంతా ఇదే చూసుకుంటుందమ్మా, మీకు నిలబడే బాధ తప్పుతుంది," అన్నారు రావుగారు. షెడ్డు గేటు దగ్గర అందరికీ మజ్జిగ ప్యాకెట్లు కూడా ఇప్పించారు.

ఆదివారం చర్చి నుంచి బయటికొస్తుంటే మగ్దలేనమ్మ సుసన్నని ఆపింది. నెత్తిన కొంగు ఇంకా తియ్యలేదు. వెనక షీబా, ఇంకో ముగ్గురు నిలబడ్డారు.

"నువ్వు చదివినదానివి. మాకు తెలిసేట్టు చెప్పు. ఆ మిషనొచ్చాక మా పని ఉంటుందా?"

"ఉంటుంది పిన్నీ. పుస్తకాలన్నీ అదే చెబుతున్నాయి. మోత పని మిషన్ చేస్తుంది, తెలివి పని మనిషిదే. మీ చేతికున్న తెలివి దానికి ఎవరిస్తారు?"

అబద్ధం చెప్పలేదు. అలాగే నమ్మింది. వాళ్ళూ నమ్మి ఇళ్ళకి వెళ్ళి పలావు వండుకున్నారు.

సోమవారం పొద్దున్న షెడ్డులోకి అడుగుపెట్టేసరికి గ్రేడింగ్ బల్ల లేదు. గోడకి ఆనించి నిలబెట్టేశారు. దాని చోట పొడుగాటి రబ్బరు బెల్టు, మధ్యలో చిన్న గుహలాంటి పెట్టె, పెట్టె పక్కన టీవీ అంత తెర. కాయల కొనుగోలుదారులు ఇద్దరు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్ళని గోడ పక్కన నిలబడమన్నారు. ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడ్డం వాళ్ళకి అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులు పట్టుకున్నారు.

నాగార్జున మీట నొక్కాడు. బెల్టు కదిలింది. కాయలు ఒకదాని వెనక ఒకటి పెట్టెలోకి వెళ్ళి, అవతల వచ్చి, చిన్న చెక్కపలక తోస్తే పక్కకి దొర్లి ఎవరి ట్రేలో వాళ్ళు కూర్చున్నంత బుద్ధిగా పడుతున్నాయి. తెర మీద ప్రతి కాయ బొమ్మా వస్తోంది. బొమ్మ చుట్టూ పచ్చ గీత, కింద ఇంగ్లీషు అక్షరాలు.

సుసన్న ఆ అక్షరాలు చదివింది. సొన మచ్చ. భుజం నిండలేదు. ఈగ. అక్షరాలే ఇంగ్లీషు, మాటలు వీళ్ళవి.

తర్వాత ఒక చక్కటి కాయ వచ్చింది. తెర కాస్త తటపటాయించింది. గీత పసుపు రంగుకి మారింది. కింద అక్షరాలు పడ్డాయి. మొహమాటం.

సుసన్నకి ముందు నవ్వొచ్చింది. సంతలో ఎక్కడో మన ఊరి మనిషి కనబడితే వచ్చేలాంటి నవ్వు. అది పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఏడాదిగా నెత్తి మీద ఉన్న రెండు కెమెరాల వైపు తలెత్తి చూసింది. వీడియోలు ఎందుకు ఆగిపోయాయో, కెమెరాలు ఎందుకు పెద్దవయ్యాయో ఇప్పుడు అర్థమైంది. కబుర్ల కోసం కాదు. చేతుల కోసం. చేతుల వెంట పలికిన కారణాల కోసం.

"ఏం రాసుందక్కా?" అని షీబా చెవిలో అడిగింది.

సుసన్న చెప్పేలోగా మరో మొహమాటం కాయ వచ్చింది. ఈసారి నాగార్జునే కొనుగోలుదారులకి ఆ మాట పైకి చదివి వినిపించి, "ఇది మా లోకల్ ఎక్స్‌పర్ట్స్ పెట్టిన పేరండీ," అని గర్వంగా గోడ వైపు చెయ్యి చూపించాడు. కొనుగోలుదారులు నవ్వారు. గోడ పక్కన ఎవరూ నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక రావుగారు స్వీటు పెట్టె తెరిచారు. ఆయన మొహంలో దొంగతనం ఏమీ లేదు. నిజంగా సంతోషంగా ఉన్నారు. అదే సుసన్నని ఎక్కువ కాల్చింది.

"ఇదంతా నీ చలవే సుసన్నమ్మా. మార్పు వచ్చేలోగా మనమే మారాలి, భయపడేవాడు వ్యాపారానికి పనికిరాడు అని ఎన్నిసార్లు చెప్పావు! వినీ వినీ నాకు ధైర్యం వచ్చింది."

"కెమెరాలు ఛానెల్‌కి అన్నారండీ," అంది సుసన్న.

"ఛానెల్‌కే పెట్టాడమ్మా మావాడు. తర్వాత ఇలా కూడా పనికొస్తుందని తట్టింది. పనికొచ్చేదాన్ని వదులుకుంటామా?" లడ్డూ ఆమె చేతిలో పెట్టారు. "ఈ వారం కూలి మీ అకౌంట్లలో పడుతుంది. రేపటినుంచి రానక్కర్లేదని వాళ్ళకి నువ్వే కాస్త నెమ్మదిగా చెప్పు. నువ్వు చెబితే వింటారు."

నువ్వు చెబితే వింటారు. తను చెబితే వినరనే కదా పోయిన ఏడాది ఆయన పేరు వాడుకుంది.

చెప్పాల్సిన పని లేకపోయింది. షెడ్డు వెనక కుళాయి దగ్గరికి ఆమె వెళ్ళేసరికి నాగార్జున మాటలతో వాళ్ళకి అంతా తెలిసిపోయింది. ఎవరూ చేతులు కడుక్కోవడం లేదు. కడుక్కోవడానికి ఇవాళ సొనే అంటలేదు. నీళ్ళు వృథాగా పోతున్నాయి.

"నీకు తెలీదా?" అంది మగ్దలేనమ్మ.

"తెలీదు పిన్నీ. దేవుడి తోడు."

"దేవుణ్ణి లాగకు. రాత్రంతా పుస్తకాలు చదువుతావు. పొద్దున్నే కళ్ళు వాచిపోయి వస్తావు. ఆ పుస్తకాల్లో ఉన్నదే కదా ఇది! చదువురాని మాకు తెలియలేదంటే అర్థముంది. నీకు తెలీకుండా ఎలా ఉంటుంది?" ఆవిడ గొంతు లేచింది. "మమ్మల్ని నవ్విస్తా, నవ్విస్తా మా నోటితోనే మా బతుకు చెప్పించి వాళ్ళ చేతిలో పెట్టావు. నిన్న చర్చి దగ్గర ఏమన్నావు? చేతికున్న తెలివి ఎవరిస్తారన్నావు. ఎవరిచ్చారే?"

ఎవరిచ్చారో సుసన్నకొక్కదానికే తెలుసు. కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాడైనా నయం, తనొక్కడే పడతాడు. చెప్పేద్దామని నోరు తెరిచింది. తొమ్మిదిమంది కళ్ళూ చూసి మూసుకుంది.

అంతలో రావుగారు అక్కడికే వచ్చారు, వెనక నాగార్జున.

"ఒక్క విషయం సుసన్నమ్మా. ఆ మొహమాటం కాయ దగ్గర మిషన్ తడబడుతోంది. పది కాయల్లో నాలుగు తప్పు చెబుతోంది. వాటిని చేత్తో చూసి చెప్పే మనిషి ఒకరు కావాలి. సీజన్ మొత్తం, కుర్చీలో కూర్చుని చేసే పని. నువ్వు ఉండు."

తొమ్మిదిమందీ ఆమె వైపు తిరిగారు. ఇదిగో ఇప్పుడు తేలిపోతుంది అన్నట్టు మగ్దలేనమ్మ చేతులు కట్టుకుంది.

సుసన్నకి ఆ ఉద్యోగం కావాలి. ఇంట్లో ఎవరెవరికి ఏమేం కావాలో ఆ ఒక్క నిమిషంలో అన్నీ గుర్తొచ్చాయి. కానీ వాళ్ళ కళ్ళల్లో తను మళ్ళీ మనిషి కావడం అంతకన్నా ఎక్కువ కావాలనిపించింది.

"నా చెయ్యి అంత మంచిది కాదండీ," అంది. "ఆ కాయకి పేరు పెట్టిందే మగ్దలేనమ్మ పిన్ని. ఉంచుకుంటే ఆవిణ్ణి ఉంచుకోవాలి."

చెప్పాక గుండె తేలికపడింది. పిన్ని ఆ ఎంగిలి కూడు నాకొద్దంటుందని, అందరూ కలిసి తలెత్తుకుని గేటు దాటుతారని అనుకుంది. అలాంటివి పుస్తకాల్లో కూడా జరగవని ఆమెకి తెలియాల్సింది.

మగ్దలేనమ్మ కట్టుకున్న చేతులు విప్పింది. సుసన్న వైపు చూడలేదు. మిగతావాళ్ళ వైపూ చూడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పొద్దున ఎన్నింటికి రావాల సారూ?" అంది.

సాయంత్రం ఆటో దగ్గర తొమ్మిదిమందే ఉన్నారు. మగ్దలేనమ్మకి మిషన్ పక్కన ఎక్కడ కూర్చోవాలో చూపిస్తున్నారు. హనుమయ్య ఆటోలో రోజూ ఎవరి చోటు వాళ్ళకుంది. సుసన్న ముందు డ్రైవరు పక్కన చెక్క మీద ఎక్కబోయింది. వెనక మాట్లాడాల్సి వస్తుందని.

"అక్కడెందుకక్కా, ఇటు రా," అంది షీబా, మోకాళ్ళు పక్కకి తిప్పి. ఇంకొకామె ఒళ్ళో ఉన్న సంచి కిందపెట్టి జరిగింది.

ఆటో నూజివీడు రోడ్డెక్కి ఆగిరిపల్లి వైపు తిరిగింది. రెండు పక్కలా తోటలు, కొమ్మలకి వేలాడే కాయలు, చిక్కాలు కట్టిన గడలు పట్టుకుని ఇంకా కోస్తున్న మనుషులు. ఆటోలో ఒకరు మొదలుపెట్టారు.

"ఎంత నంగనాచి! కుళాయి దగ్గర నిన్ను అన్ని మాటలని, ఆ నోటితోనే ఎన్నింటికి రావాలంటుందా?"

"ముందునుంచీ సారుతో ఆవిడే నవ్వుతా ఉండేది. పేర్లు పెట్టింది ఎవరు? ఆవిడే. అన్నీ తెలిసే చేసుంటుంది."

"మేం నిన్ను అనుమానించాం సుసన్నా. తప్పయిపోయింది. చేతికొచ్చిన పని కాదన్నావు. నీలాంటిది ఉండదు," అని ఒకామె ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. సుసన్నకి ఏడుపొచ్చింది. మగ్దలేనమ్మ మీద ఆమెకీ కోపంగానే ఉంది. తను ఇచ్చిన పీట మీద కూర్చుని ఒక్కసారి కళ్ళెత్తి చూడలేదే అని. ఇప్పుడు ఆమె చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. ఆగిరిపల్లి వచ్చేలోగా పాపమంతా ముసలావిడ నెత్తిన చేరిపోతుంది. రేపు ఎక్కడ కోత పనికి వెళ్ళినా ఈ ఎనిమిదిమందీ తనని పక్కన కూర్చోబెట్టుకుంటారు.

"సారు చెప్పమనలేదు," అంది సుసన్న.

"ఏంటి?"

"కారణం కూడా చెప్పండి అన్నాను చూడండి పోయిన ఏడాది. అది సారు మాట కాదు. నాగార్జున కూడా అడగలేదు. వాళ్ళు కెమెరా పెట్టారు, అంతవరకే. మీ చేత చెప్పించింది నేను. నేనంటే ఆటపట్టిస్తారని సారు పేరు పెట్టాను. ఆ మాటలు లేకపోతే మిషన్‌కి ఏమీ వచ్చేది కాదు. పిన్నిదేం లేదు ఇందులో."

ఆమె చెయ్యి పట్టుకున్న చెయ్యి వదిలేసింది. కోపంగా లాక్కోలేదు, కొంగు సర్దుకోవాల్సినట్టు తీసుకుంది. హనుమయ్య అద్దంలోంచి ఒకసారి చూసి రోడ్డు వైపు తిరిగాడు.

"ఎందుకు చెప్పించావు?" అంది షీబా.

సుసన్న ఎన్ని పుస్తకాలు ఎంత చమత్కారంగా చెప్పింది! ఈ ఒక్క మాటకి మాత్రం చమత్కారం దొరకలేదు.

"చూసేవాళ్ళు మీరు ఊరికే కాయలు విసురుతున్నారనుకుంటున్నారు. నాకు బాధేసింది. మీకెంత తెలుసో లోకానికి తెలియాలనుకున్నా."

ఆటో ఆగిరిపల్లి సెంటర్లో ఆగింది. ఒక్కొక్కరే దిగారు. ఎవరూ రేపటి మాట ఎత్తలేదు. షీబా అందరికన్నా చివర దిగి, క్యారేజీ చంకలో పెట్టుకుని, రెండడుగులు వేసి ఆగింది.

"తెలిసిందిగా అక్కా," అంది, వెళ్ళిపోయింది.